తవుడులో తీసిన ఆది

మా అత్తగారు పిల్ల మీద దారం పెట్టనివ్వలేదు.

వెదురు పని చేసే పెద్దాయన వచ్చి అరుగు మీద కూచుని, జేబులోంచి దారపు ఉండ తీసి, పాపని ఇలా పడుకోబెట్టండి, పొడుగూ వెడల్పూ చూసుకుంటాను అన్నాడు. ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ఆ దారం ఆయన చేతిలోంచి తీసుకుని, తన కొంగున ముడేసుకున్నారు. ఆయన నా వైపు చూసేడు. నేను నేల వైపు చూసేను.

ఎందుకో నాకు తెలుసు. మావారికంటే ముందు ఆవిడకో ఆడపిల్ల పుట్టి, ఏడాది నిండకుండానే పోయిందట. మా క్రైస్తవుల ఇళ్ళల్లో పెట్టెలో పెట్టి సాగనంపుతాం గదా. వడ్రంగి వచ్చి, పడుకోబెట్టిన పిల్లకి తల నుంచి కాళ్ళదాకా దారం పెట్టి కొలుచుకుని వెళ్ళేడట. అప్పట్నించీ ఆ ఇంట్లో పసిపిల్ల ఒంటి మీద దారం గాని టేపు గాని పెట్టింది లేదు. మా పిల్లకి గౌన్లు కుట్టించాలన్నా పాత గౌను ఒకటి టైలరుకి ఇచ్చి పంపించేవాళ్ళం. ఇది డెబ్బైల చివరి మాట. మేము నగరం అనే పల్లెటూరి పక్కన ఉండేవాళ్ళం. మావారు ఎలిమెంటరీ స్కూలు మేష్టారు.

ఆ వెదురాయన్ని ఎందుకు పిలిపించేమో చెప్పాలి.

మా పెద్దపిల్ల పుట్టినప్పుడే ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంది. అరికాలు నేలని చూడకుండా రెండో కాలిని చూస్తుండేది. మంత్రసాని నూనె రాసి రోజూ లాగుతూ ఉంటే అదే సర్దుకుంటుందంది. ఎనిమిది నెలలు లాగేం. ఏం సర్దుకోలేదు. పిల్ల పట్టుకుని లేవబోయేది, ఆ పాదం అంచు మీద నిలబడి, పక్కకి ఒరిగిపోయేది. మళ్ళీ లేచేది. అలా లేచినప్పుడల్లా నేను గోడవైపు తిరిగి ఏదో పని ఉన్నట్టు నటించేదాన్ని.

మావారి స్కూల్లో ఇంకో మేష్టారు చెప్తే అమలాపురం తీసుకెళ్ళేం. అక్కడ డాక్టరమ్మగారు పాదాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, వస్తుందన్నారు. ఆ ఒక్కమాటకి నాకు కాళ్ళల్లో ఓపిక వచ్చింది. వారం వారం, శనివారం నాడు రావాలి, కాస్త కాస్త తిప్పి పిండికట్టు వేస్తాం, మళ్ళీ వారానికి విప్పి ఇంకాస్త తిప్పుతాం అని చెప్పేరు. కట్టు తడవకూడదు, పగలకూడదు, కాలు కిందకి వేలాడకుండా ఎత్తులో ఉంచాలి. బయటికి కనపడే వేళ్ళు చూస్తూ ఉండాలి, గోరు నొక్కితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడాలి. అన్నీ చెప్పి, ఆఖర్న మావారి మొహంలోకి చూసి అన్నారు.

"నడక మొదలెట్టేలోపు మడమ నేలకి ఆనాలండి. ఒక్క వారం తప్పినా, తిప్పిన పాదం మళ్ళీ వెనక్కి పోతుంది. తర్వాత నన్ను అడిగినా లాభం లేదు."

ఇదీ మా ముందున్న పని. వారం తప్పకూడదు.

మా ఊరి నుంచి అమలాపురం వెళ్ళాలంటే పాశర్లపూడి రేవుదాకా వెళ్ళి, పంటు మీద గోదారి పాయ దాటి, అటు బోడసకుర్రులో దిగి, మళ్ళీ గంట ప్రయాణం. పంటంటే రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచింది. మనుషులూ సైకిళ్ళూ కొబ్బరికాయల బస్తాలూ అన్నీ దాని మీదే. అప్పటికింకా వంతెన లేదు. రెండో వారం బస్సులో వెళ్ళేం. బస్సులో నిలబడ్డానికే చోటు లేదు. ఎవరి మోచెయ్యో తగిలి కట్టుకి అడ్డంగా బీట పడింది. డాక్టరమ్మగారు ఏమీ అనకుండా కొత్తది వేసేరు గాని ఆ ఏమీ అనకపోవడం మావారికి గుచ్చుకుంది. ఆ పై వారం సైకిలు వెనక నేను పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. నాకప్పుడు మళ్ళీ నాలుగో నెల. గతుకులో సైకిలు ఎగిరితే పిల్లని పట్టుకోనా నన్ను నేను పట్టుకోనా తెలీలేదు. ఇంటికొచ్చేక అత్తగారు నన్నేం అనలేదు. కొడుకుని పిలిచి, ఇంకోసారి కడుపుతో ఉన్నదాన్ని సైకిలెక్కించేవంటే నీ సైకిలు గోదాట్లో పారేయిస్తానని చెప్పేరు.

అంటే ఇహ తండ్రీ కూతురూ ఇద్దరే వెళ్ళాలి. పిల్ల కూచోడానికి సైకిలుకి సీటు కావాలి.

సీటు వెతకడం నెలంతా పట్టినట్టు గుర్తు గాని, నిజానికి వారం లోపే అయ్యుంటుంది, శనివారం ఆగదు గదా. హెడ్మాష్టారుగారు తన మనవరాలిది ఒక రేకు సీటు ఇచ్చేరు. సైకిలు ముందు కడ్డీకి బిగించేది, మీద బాతు బొమ్మ వేసి ఉంది. పిల్లని అందులో దించబోతే కట్టుకాలు ఆ కంతలో దూరనే లేదు. తొడ నుంచి వేళ్ళదాకా, మోకాలు కాస్త వంచి కట్టేవారు, అది అరటిబోదె అంత లావు ఉండేది. బాతుబొమ్మ సీటు దణ్ణం పెట్టి తిరిగిచ్చేసేం. అమలాపురంలో సైకిలు షాపులో ఇనప తీగెల సీటొకటి చూసొచ్చేరు. అందులో కాళ్ళు రెండూ కిందకి వేలాడాలి. మనకి వేలాడకూడదు. వెనక కేరేజీకి కట్టే పేము సీటు కూడా ఉందన్నారు మావారు, అందులో కాలు చాపుకోవచ్చు.

అత్తగారు వింటున్నారు. "ఒరే అబ్బాయ్, వెనక కూచోబెడితే పిల్ల ఉందో జారిపోయిందో నీకెలా తెలుస్తుంది? నీకు వీపున కళ్ళున్నాయా?"

"మాట్లాడిస్తూ ఉంటానమ్మా" అన్నారు మావారు.

"నువ్వా," అన్నారావిడ. అంతే, ఇంకేం అనక్కర్లేకపోయింది. మావారు రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో ఏడు స్కూల్లో ఖర్చయిపోయేవి.

అలా కొన్న సీట్లేవీ కుదరక, అల్లించుకోవాలని తేలింది. వెదురాయన వచ్చేడు. దారం తీసేడు. అత్తగారు దారం కొంగున ముడేసుకున్నారు.

ఆయన మంచివాడు. కాసేపు గడ్డం గోక్కుని, "సరేనండి అక్కగారండీ, కొలత వద్దు. మరి ఆది ఇప్పించండి" అన్నాడు.

మా వైపు ఆడవాళ్ళు జాకెట్టు కుట్టించుకోవాలంటే ఒంటి మీద టేపు పెట్టనిచ్చేవారు కాదు, పాత జాకెట్టొకటి ఆదిగా పంపించేవారు. ఆ మాటే ఆయన అన్నాడు. కాని సీటుకి ఆది ఏముంటుంది? పాత సీటు ఉంటే గదా. అత్తగారు ఆది, ఆది అని రెండుసార్లు తనలో అనుకున్నారు. నేను పిల్లని చంకనేసుకుని నిలబడ్డాను. గేదెకి పెట్టడానికి మిల్లు నుంచి తెచ్చిన తవుడు అరుగు పక్కన పెద్ద గంగాళంలో ఉంది. మిల్లు తవుడు జిడ్డుగా మెత్తగా ఉండి, పిడికిలి నొక్కితే పిడికిలి ఆకారం అలాగే నిలబడిపోతుంది. ఆవిడ దాన్ని చూసేరు. పిల్లని నా చంకలోంచి తీసుకుని, గౌను పైకెత్తి, తీసికెళ్ళి ఆ తవుడులో కూచోబెట్టేరు.

పిల్లకి భలే నచ్చింది. వెంటనే గుప్పెడు నోట్లో పెట్టుకుంది. నేను నోరు తుడుస్తుంటే అత్తగారు కట్టుకాలి కింద ఇంకాస్త తవుడు పోసి, డాక్టరమ్మగారు చెప్పిన ఎత్తుకి లేపి, వీపు వెనక కూడా పోసి మెల్లిగా అదిమేరు. తర్వాత పిల్లని నిటారుగా పైకి లేపేరు. తవుడులో పిల్ల అచ్చు అచ్చంగా దిగింది. ఇటు చిన్న కాలు, అటు లావుపాటి కట్టుకాలికి కాలవ, వెనక వీపు గుండ్రం.

"ఇదిగో ఆది" అన్నారు.

వెదురాయన వంగుని చూసి, ఆయ్, అన్నాడు. బద్దలు చీల్చుకోవడం మొదలెట్టేడు.

రెండు రోజులు మా అరుగు మీదే అల్లేడు. బద్ద వంచడం, తీసికెళ్ళి తవుడు గుంటలో పెట్టి చూడడం, మళ్ళీ వంచడం. రాత్రికి దాని మీద గంప బోర్లించేవాళ్ళం, కోళ్ళు రాకుండా. అయినా రెండో రోజు పొద్దున్నే పుంజొకటి దూరి వీపు వైపంతా కెలికేసింది. పిల్లని మళ్ళీ కూచోబెట్టేం. రెండోసారి కూడా గుప్పెడు తింది. దూడకి లేని రాజభోగం దీనికి దక్కిందని అత్తగారు నవ్వేరు. ఆవిడ నవ్వగా చూసి అప్పటికి చాన్నాళ్ళయింది.

సీటు అయ్యింది. లోపల కొబ్బరిపీచు నింపిన మెత్త నేను కుట్టేను. మంచం నవారు కోసి రెండు భుజాల మీంచి వచ్చేలా పట్టీ వేసేం, ముందు బొత్తాం. సైకిలు షాపాయన ముందు కడ్డీకి తగిలేలా ఇనప కొక్కేలు రెండు చేసి, కడ్డీ మీద పాత ట్యూబు ముక్క చుట్టి బిగించి ఇచ్చేడు. పిల్లని కూచోబెడితే చేతికి గ్లౌజు తొడిగినట్టు సరిపోయింది. వీధిలో వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళేరు.

ఇందులో తప్పెక్కడుందో మాలో ఒక్కరికీ తట్టలేదు. కోడి కూడా దూరి చూసింది గాని, ఆది తీసేప్పుడు సైకిలు మాత్రం మా ముందు లేదు. అది స్కూలు దగ్గర ఉంది.

శనివారం తెల్లారేక బయల్దేరేరు. పిల్ల ముందుకి చూస్తూ కూచుంది. తొక్కుతున్నంతసేపూ బాగానే ఉందట. రేవులో దిగి సైకిలు నడిపించుకుంటూ పంటు మీదకి ఎక్కాలి గదా, అక్కడ తెలిసింది. ఎవరైనా సైకిలుని ఎడమవైపు నిలబడే నడిపిస్తారు. పిల్ల కట్టుకాలు కూడా ఎడమవైపుకే బయటికి వచ్చి ఉంది. అడుగు వేస్తే మావారి డొక్కలో కట్టు, కట్టుకి మావారి డొక్క. పోనీ కుడివైపుకి వెళ్ళి నడిపిద్దామని చూస్తే పుట్టి బుద్ధెరిగి అలా నడిపిన అలవాటు లేదు, బల్ల మీద సైకిలు పక్కకి తూలింది. వెనక కొబ్బరి బస్తాలవాళ్ళు పట్టుకోబట్టి సరిపోయింది. మేష్టారు సైకిలు నడుపుతున్నారా, ఆబోతుని పడుతున్నారా అని ఎవరో అన్నారట. పంటు మీద అందరూ నవ్వేరట. మావారు ఇంటికొచ్చి ఇవన్నీ చెప్పేవారు కాదు, తర్వాత్తర్వాత ఒక్కో ముక్కా రాబట్టేను.

పంటు నడిపే ఆయన గెడ పట్టుకుని ఇదంతా చూస్తున్నాడు. ఆయన అన్నాడట.

"మేష్టారండీ, పిల్ల కాలు మార్చలేం. సీటు తిప్పచ్చు కదండీ."

కొక్కేలే గదా. ఎత్తి, తిప్పి, మళ్ళీ తగిలించేరు. ఇప్పుడు పిల్ల వీపు హేండిలు వైపు, మొహం తండ్రి వైపు. కట్టుకాలు కుడివైపుకి పోయి, ఎత్తులో ఉండడం వల్ల వేళ్ళు సరిగ్గా మావారి చొక్కా గుండీల ముందుకి వచ్చేయి. నడిపించడానికి ఏ అడ్డూ లేదు. తొక్కడానికి మాత్రం మోకాళ్ళు రెండూ పక్కలకి విప్పి తొక్కాలి. ఆ సంవత్సరం మా వీధి పిల్లలు మేష్టారి కప్పతొక్కుడు అని ఒక ఆట ఆడేవారు.

ఇప్పుడు కార్లలో పసిపిల్లల సీటు వెనక్కి తిప్పి బిగించాలంటున్నారు, అదేదో క్షేమమట. మా రోజుల్లో కట్టు డొక్కలో గుచ్చుకుంటే తిప్పేం, అంతకంటే ఆలోచించింది లేదు. కాని ఆ తిప్పడంతో మా ఇంట్లో ఒకటి మారింది. గంటసేపు ఒక పిల్ల మొహంలో మొహం పెట్టి చూస్తూ కూచుంటే ఎంత మాటలు రాని మనిషైనా ఏదోటి అనాలి. మావారు మొదట ఎక్కాలు చెప్పేరట. రెండో ఎక్కం, మూడో ఎక్కం. పదహారో ఎక్కం దాకా వెళ్ళేసరికి అవీ అయిపోయి, కాలవ మీద పోతున్న పడవలో ఏముందో, ఎవరి తోటలో కాయ దింపుతున్నారో, అవన్నీ చెప్పడం మొదలెట్టేరు. మేష్టారు సైకిలు మీద ఒకటే మాట్లాడుకుంటూ పోతున్నారు, ఒంట్లో బాగానే ఉందా అని మామిడికుదురు నుంచి వచ్చినావిడ నన్ను అడిగింది.

అలా ఆరేడు శనివారాలు ఒక్కటీ తప్పలేదు. విప్పినప్పుడల్లా పాదం కాస్త బయటికి వచ్చేది. నేను వెళ్ళలేకపోయినా మావారు వచ్చి తన అరచెయ్యి వంచి, పోయిన వారం ఇలా, ఈ వారం ఇలా అని చూపించేవారు. అత్తగారు ఆ చేతినే చూస్తూ కూచునేవారు.

ఎండలు ముదిరేక ఒక శనివారం. ఆ వేళ పాదాన్ని ఎక్కువ తిప్పేరట, కట్టు వేసేక పిల్ల చాలాసేపు ఏడ్చి, దారిలో నిద్రపోయింది. బోడసకుర్రులో పంటు ఎక్కేరు. పాయ మధ్యలోకి వచ్చేసరికి మావారి చూపు వేళ్ళ మీద పడింది. ఎదురుగానే ఉన్నాయి గదా. వేళ్ళు ఉబ్బి, నేరేడుపండు రంగు తిరిగి ఉన్నాయి. గోరు నొక్కేరు. తెల్లబడింది. ఎర్రబడలేదు. మళ్ళీ నొక్కేరు. రెండో వేలు, మూడో వేలు అన్నీ నొక్కేరు. పిల్ల లేవలేదు. నిద్రపోతోందనుకున్నది నిద్ర కాదు, ఏడ్చి ఏడ్చి సోలిపోయింది.

పంటు ఇటు ఒడ్డుకి వస్తోంది. ఇటు వచ్చేక నిండేదాకా ఆగుతారు, ఎండపూట నిండడానికి గంట పట్టినా పట్టచ్చు. మావారు గెడ పట్టుకున్న ఆయన దగ్గరికి వెళ్ళి, పిల్ల వేళ్ళు చూపించి, నేను తిరిగి వెళ్ళాలండి అన్నారు. బతిమాలడం ఆయనకి చాతకాదు. అంత మాత్రమే అన్నారు.

ఆయన వేళ్ళ వంక చూసేడు. సీటు తిప్పమన్న మనిషే.

"ఎక్కినోళ్ళు దిగుతారండి. దిగ్గానే మీరూ నేనూ వెళ్ళిపోదాం" అన్నాడు.

దిగుతున్నవాళ్ళలో ఒకాయన, రేవులో జనం నిలబడ్డారు, ఎక్కించుకోవా అని అడిగేడట. తర్వాత ట్రిప్పులో రమ్మనండి అని గెడ నీట్లో వేసేసేడు. అంత పెద్ద పంటు మీద ఒక్క సైకిలు, దాని మీద ఒక పిల్ల, ఇద్దరు మగవాళ్ళు. అటు ఒడ్డు చేరేదాకా మావారు ఆ చిన్న పాదం పిల్ల నెత్తికంటే ఎత్తులో పట్టుకుని నిలబడే ఉన్నారట. తర్వాత ఎంత వేగంగా తొక్కేరో ఆయనకే తెలీదు. ఆస్పత్రికి వెళ్ళేసరికి డాక్టరమ్మగారు రిక్షా ఎక్కుతున్నారు. ఎక్కినావిడ దిగిపోయేరు.

కట్టు కోసి తెరిచిన కాసేపటికి వేళ్ళల్లోకి రంగొచ్చింది. అప్పుడు ఏడ్చింది పిల్ల, ఆస్పత్రి కప్పు ఎగిరిపోయేలా. మావారికి అంత ఆనందంగా వినపడిన ఏడుపు ఇంకోటి లేదట. ఇంటిదాకా వెళ్ళి చూసుకుని వచ్చుంటే వేళ్ళు దక్కేవి కావన్నారు డాక్టరమ్మగారు. ఎండకి కాలు ఉబ్బి ఉంటుంది, బిగిసిపోయింది అన్నారు. ఇంత తొందరగా ఎలా చూసేరని అడిగితే మావారు చెప్పిన సమాధానం నాకు కంఠతా వచ్చు.

"నాకు ఎదురుగానే కూచుంటుందండి. చూడకుండా ఎలా ఉంటాను?"

ఆవిడ బయటికి వచ్చి సైకిలు దగ్గర నిలబడి ఆ వెదురు సీటు అటూ ఇటూ తిప్పి చూసి వెళ్ళేరట. ఆ వేళ కొత్త కట్టు వెయ్యలేదు. వాపు తగ్గేదాకా నాలుగు రోజులు ఆగి రమ్మన్నారు.

ఆ నాలుగు రోజులూ మాకు నిప్పుల మీద ఉన్నట్టే గడిచేయి. కట్టు లేకపోతే పాదం మళ్ళీ లోపలికి పోతుందని భయం. అత్తగారు పిల్లని ఒళ్ళోంచి దించలేదు. పాదాన్ని తన అరచేతిలో బయటికి తిప్పి పట్టుకుని కూచునేవారు. ఆవిడ చెయ్యి పడిపోతే నేను పట్టుకునేదాన్ని, నా చెయ్యి పడిపోతే మావారు. నిద్రలో కూడా వంతులే. బుధవారం తీసుకెళ్తే, ఏమీ వెనక్కి పోలేదు, ఉన్నచోటే ఉందన్నారు.

మరో అయిదారు కట్లు పడ్డాయి. నాకు ఎనిమిదో నెల వచ్చేసింది, వీధి గుమ్మందాకా నడిచినా ఆయాసం వచ్చేది. ఆఖరి శనివారం సాయంత్రం సైకిలు గంట వినపడి గుమ్మంలోకి వచ్చేసరికి పిల్ల కాలికి కట్టు లేదు. బక్కగా, తెల్లగా, పొట్టు రేగి, ఎవరిదో అరువు తెచ్చుకున్న కాల్లా ఉంది. రాత్రిళ్ళు తొడగడానికి బూట్లు చేయించాలట. ఇంక కట్లు లేవు.

మావారు పిల్లని దింపి అరుగు మీద స్తంభం పట్టించి నిలబెట్టేరు. ముగ్గురం చూస్తున్నాం. పిల్ల ఎడమ పాదం ఎత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. ఇన్నాళ్ళ బరువు లేకపోయేసరికి దానికే వింతగా ఉంది. ఈసారి దించేక ఎత్తలేదు. అత్తగారు గచ్చు మీద బోర్లా పడుకున్నంత పని చేసి, చిటికెనవేలు దాని మడమ కిందకి దూర్చబోయేరు. వేలు దూరలేదు. ఇంకో పక్క నుంచి చూసేరు. అటూ దూరలేదు.

"ఆనింది" అన్నారు.

మావారు కూడా వేలు పెట్టి చూసేరు. నేను వంగలేను గనక నా వంతుకి నా కాలి బొటనవేలు ఆనించి చూసేను. పిల్లకి కితకితలు పుట్టి, స్తంభం వదిలేసి మా మీద పడి నవ్వడం మొదలెట్టింది.